నాలుగు వేళ్లు కిందికి

వాడి కబీర్, మస్కట్
నవంబరు

చెల్లెలు జైనబీకి, తోడబుట్టకపోయినా ఒకే వీధిలో పెరిగిన నీ అన్న అంకయ్య. నువ్వున్న ఇంటి మీద, నీ చేతుల మీద దేవుని సమాధానం నిలుచును గాక.

వాయిస్ మెసేజీతో పోయేదానికి కాగితమెందుకని మళ్లీ అడిగావట, ఆంజి చెప్పాడు. అపొస్తలుడు సంకెళ్లలో ఉండి ఉత్తరాలు రాశాడు. నేను వెల్డింగ్ షెడ్డులో ఉన్నాను, నాకేం అడ్డం? ఫోనులో విన్న మాటను ఇంకో మాట వచ్చి తుడిచేస్తుంది. కాగితం మీది మాట దిండు కింద ఉంటుంది, కోపం తగ్గాక మళ్లీ తీసి చదవవచ్చు. ఆంజి కూరగాయల వ్యాను ఇబ్రాకు తిరిగినంత కాలం నేను రాస్తాను, నువ్వూ రాయాలి.

ఈ వారం నా రక్తం మరిగిన సంగతి విను. మా గ్యారేజీ ముందుకు రికవరీ లారీ మీద ఒక పాత అమెరికా కారు వచ్చింది. ఊదా రంగు, దాని మీద మెరుపు పొడి, చక్రాలు అద్దాల్లాగా. దించగానే నేలను కరుచుకుని పడుకుంది. బండివాడు ఒక మీట నొక్కాడు. డిక్కీలో పెట్టిన హైడ్రాలిక్ పంపులు అరిచాయి, బండి ముందు కాళ్లెత్తి మేకపోతులాగా ఎగిరింది! మళ్లీ నొక్కాడు, పడుకుంది. లోరైడర్ అంటారట. మనిషి నడిచినంత మెల్లగా తోలుతారట, అందరూ చూడాలని. గ్యారేజీ అంతా పని ఆపి చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు.

శుక్రవారం మన తెలుగువాళ్ల ప్రార్థనలో దాని మీదే వాక్యం చెప్పాను. నేను ఏ పాస్టర్ల కాలేజీలోనూ చదవలేదు, నన్నెవరూ అభిషేకించలేదు. అయినా నోరు తెరిస్తే ఆగను, నీకు తెలుసు. "ఫరో రథాల చక్రాలు సముద్రం మధ్యలో ఊడగొట్టింది ఎవరు?" అన్నాను. "ఇనుముకు గంతులు నేర్పే మనిషీ, నీ మోకాళ్లకు వంగడం నేర్పావా?" అన్నాను. హాలు దద్దరిల్లింది. ఇళ్లల్లో పనిచేసే గోదావరి ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

నువ్వు అడిగిన ఇనుప చట్రాలు రెండూ ఆంజితో పంపుతున్నాను. మజ్లిసులో, అదే అతిథుల గదిలో, కూర్చోడానికి అన్నావు. వెనక్కి వాలాలన్నావు, అడుగున బోల్టులు పట్టాలన్నావు. ధనవంతుల ఇళ్లలో కుర్చీలను కూడా నేలకు బిగిస్తారేమో, నేనడగను. ఏనుగు కూర్చున్నా వంగవు. నీ బత్తాకా, ఇక్కడ ఉండనిచ్చే ఆ కార్డు, గడువు దగ్గర పడింది కదా, ఏం ఆలోచించావు?

నీ అన్న,
అంకయ్య


ఇబ్రా
నవంబరు చివర

అంకయ్యన్నకు జైనబీ సలాం.

చట్రాలు ముట్టినాయి. ఆంజి దించుతూ నడుం పట్టుకుని, "మీ అన్న కుర్చీలు పంపలేదక్కా, రైలు పట్టాలు పంపినాడు" అన్నాడు. గట్టిగా ఉన్నాయి. నీ చెయ్యి నాకు తెలుసు.

బత్తాకా సంగతి అడిగావు. ఊరికి పోతే నాకేముందన్నా? మా నాయన దూదేకే విల్లు జమ్మలమడుగులో అటక మీద ఉంది. ఇప్పుడు పరుపంటే ఫోము, చాపలాగా చుట్టి దుకాణంలో నిలబెడతారు. దూదేకులవాళ్లం అంటే పని అడిగేవాడు లేడు. ఇక్కడ ఇన్నేళ్లు గిన్నెలు తోమినాను, అలుపు లేదు. కానీ పోయినేడు ఈ ఇంటి పెద్దమ్మ పాత పరుపు విప్పి, దూది ఎండబెట్టి, బెత్తంతో కొట్టి, దబ్బనంతో తిరిగి కుట్టిన రోజు నా చేతులు నన్ను గుర్తుపట్టినాయి.

ఆ రోజే ఉమైమా గది దాటి బయటికొచ్చింది. ఉమైమా ఈ ఇంటి ఆడబిడ్డ, బడిలో లెక్కల టీచరు. తండ్రి పోయినాక ఎవరితోనూ మాట లేదు, బడికి పోవడం, తలుపు వేసుకోవడం. ఆ పొద్దు ఎగిరే దూది చూసి నా పక్కన నేల మీద కూచుని, "నేర్పు" అన్నది.

ఇప్పుడు ఇద్దరం మఖ్మల్ మీద గుండీలు లోతుకు దిగేలా కుట్టే పని చేస్తున్నాం. వాళ్లన్న సాలిమ్‌ను అడిగింది కూడా. సాలిమే నాకు కఫీల్, నా వీసా ఆయన పూచీ మీదే ఉంది. "జైనబీని ఇంటిపని కాగితం నుంచి కుట్టుపని కాగితానికి మార్చు, వీధి గది దుకాణం చేద్దాం" అన్నది. సాలిమ్ నవ్వినాడు. "ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటే దుకాణం నడవదు. మనకు చుట్టం కానివాడు ఒక్కడు వచ్చి ఈమె పని కావాలని అడగనీ, ఆ రోజే సంతకం పెడతా. రంజాన్ లోపల ఎవరూ అడగకపోతే టికెట్టు తీస్తా" అన్నాడు. చెడ్డవాడు కాదు. దుకాణాలు నడిపి చేతులు కాల్చుకున్నవాడు. ఆ ఒక్కడు ఎక్కడున్నాడో నేను వెతుక్కోవాలి.

ఒక మాట అడుగుతా. నేను బౌషర్‌లో పనిచేసేటప్పుడు మీ శుక్రవారం అన్నానికి వస్తే నువ్వు చెబుతుంటివి, ఎడారిలో దేవుని గుడారం పని చేసినవాణ్ణి దేవుడే పేరు పెట్టి పిలిచినాడని. ఆ పేరేంది? రాసి పంపు.

జైనబీ


వాడి కబీర్
డిసెంబరు

చెల్లెలు జైనబీకి అంకయ్య.

బెసలేలు! ఆ పేరు అడిగినందుకు నా ఒళ్లు పులకరించింది. రాజుల పేర్లు, ప్రవక్తల పేర్లు అందరూ అడుగుతారు, పనివాడి పేరు అడిగేవాడేడి? ఊరు అనేవాడి కొడుకు, యూదా గోత్రం. దేవుడు మోషేతో ఏమన్నాడు? నేను వాణ్ణి పేరుపెట్టి పిలిచాను, నా ఆత్మతో నింపాను అన్నాడు. దేనికి నింపాడు? ప్రసంగానికా? కాదు! బంగారం సాగగొట్టడానికి, చెక్క చెక్కడానికి. వాడి తోటివాడు అహోలీయాబు నీలం, ఊదా, ఎరుపు దారాలతో బుటా పని చేశాడు. పరిశుద్ధాత్మ మొదట దిగింది నోటి మీదికి కాదమ్మా, చేతుల మీదికి. ఈ మాట పాస్టర్లు చెప్పరు, వాళ్ల చేతులకు కాయలుండవు గనక. నువ్వు రాసుకో. ఎవడైనా నీ పనిని తక్కువ చేస్తే ఈ మాట వాడి ముఖాన చదువు.

సాలిమ్ షరతు న్యాయమైనదే. ఆ ఒక్కడు వస్తాడు.

ఇక్కడ సంగతి వేరు. జనవరిలో ఒక శుక్రవారం మీ ఇబ్రాలోనే ఆ గంతులేసే కార్ల ప్రదర్శన ఉందట. మా సంఘంలో సగం మంది వ్యాను మాట్లాడుకుంటున్నారు. ప్రార్థన ఎగ్గొట్టి! మొన్న నిలబడి చెప్పేశాను: ఆ మైదానంలో అడుగు పెట్టినవాడు వచ్చే శుక్రవారం నా పక్కన నిలబడి పాట ఎత్తుకోకూడదు. నువ్వూ ఆ వైపు పోకు.

అంకయ్య


ఇబ్రా
డిసెంబరు చివర

అన్నా,

కోపం తెచ్చుకోకుండా చదువు. తెచ్చుకున్నా చివరిదాకా చదువు.

మజ్లిసుకు అన్నది అబద్ధం. నువ్వు చేసిన చట్రాలు కారు సీట్లవి. ఆ కారు ఉమైమా తండ్రిది, పాత కాప్రిస్. ఆయన ఉన్నప్పుడు ఈద్ నాడు వీధి పిల్లలందరినీ ఎక్కించుకుని నడక వేగంతో ఊరంతా తిప్పేవాడంట. ఆయన పోయినాక గుడ్డ కప్పి షెడ్డులో పెట్టినారు. ఉమైమా ఆ గుడ్డ తీసింది. దాన్ని లోరైడర్ చేస్తోంది. నువ్వు ఏ బండిని తిట్టినావో అలాంటిదే.

ఉమైమా నాకు ఫోనులో చూపించింది. అమెరికాలో పొలాల్లో, ఫ్యాక్టరీల్లో ఒళ్లు వంచే మెక్సికో మనుషులు మొదలుపెట్టినారంట ఈ పని. కొత్త బండి కొనే స్తోమత లేదు, పాత బండికే రంగేసి, సింగారించి, సెలవునాడు తమ వీధుల్లో మెల్లగా పోయేవాళ్లంట. వేగంగా పోయేవాణ్ణి ఎవరు చూస్తారన్నా? వాళ్లు తమ చేతిపని నలుగురికీ చూపించినారు. నువ్వు గర్వం అన్నావు. గిన్నెలు తోమే నాకు అది గర్వంలాగా కనపడలేదు.

మా షెడ్డు చూస్తే నీకే తెలుస్తుంది. రంగు పని హైదరాబాదు తౌసీఫ్‌ది, బజారులో బోర్డులు రాసేవాడు. పంపులు బిగించేది ఉమైమా పాత విద్యార్థులు ఇద్దరు. సాయంత్రమైతే పక్కిళ్ల ఆడవాళ్లు నాతో కూచుని దూది విడదీస్తారు. ఏడాదిగా మాట లేని మనిషి ఇప్పుడు అందరికీ టీ పోస్తూ అరుస్తుంటుంది. తౌసీఫ్ నా సీటు చూసి, "ఆపా, యే సీట్ నహీఁ, దుల్హన్ కా తఖ్త్ హై" అన్నాడు. పెండ్లికూతురి పీట అంట!

ఇప్పుడు అసలు సంగతి. తప్పు నాదే. మా నాయన నేర్పిన లెక్క ఒకటే: పరుపు ఎంత ఎత్తు లేస్తే అంత గొప్ప. కొట్టి కొట్టి, పొంగించి పొంగించి నింపినాను. బిగించినాక ఉమైమా కూచుంది. తల కప్పుకు తగిలింది! కింద కూచోవాల్సిన బండిలో ఆకాశంలో కూచోబెట్టినాను. బండి ఎగిరితే ఆమె మెడ ఏం కావాల? తౌసీఫ్ నేల మీద పడి నవ్వినాడు. నేను నవ్వలేదు.

దూది తీసేస్తే గుండీల లోతు పోతుంది, నా పనే పోతుంది. ఫోము వేస్తే అది అందరి సీటు లాంటిదే, ఎవరూ అడగరు. మిగిలిన దారి ఒకటి: చట్రం కాళ్లు నాలుగు వేళ్ల మేర కోసి, మళ్లీ అతకాలి. ఆ ఇనుము ఇక్కడివాళ్ల చేతికి లొంగడం లేదు. నువ్వే రావాల. ప్రదర్శనకు ముందురోజు గురువారం వస్తే చాలు. సాలిమ్ అడిగిన ఆ ఒక్కడు దొరికితే ఆ మైదానంలోనే దొరకాలన్నా. రంజాన్ దగ్గర పడింది.

జైనబీ


వాడి కబీర్
జనవరి

జైనబీకి.

రాను.

నా చేతులతోనే ఫరో రథానికి చట్రం చేయించావు. నేను ఇక్కడ నిలబడి ఆ రథాన్ని ముంచుతుంటే, నువ్వు అక్కడ కూచుని దానికి మఖ్మల్ కుడుతున్నావు. సంఘమంతా విన్న మాట నాది. ఆ మైదానంలో అడుగు పెడితే రేపు నేను ఏ ముఖంతో నిలబడాలి? అడిగి ఉంటే చేయనని తెలిసే అడగలేదు నువ్వు. యాకోబు తండ్రి దగ్గర చేతులకు మేకతోలు చుట్టుకున్నట్టు చేశావు.

ఇనుము కోసేవాళ్లు ఇబ్రాలో దొరుకుతారు. వెతుక్కో.

అంకయ్య


ఇబ్రా
జనవరి

అన్నా,

మేకతోలు మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ ఆ యాకోబుకు దీవెన దక్కిందా లేదా? నువ్వే చెప్పినావు ఒకసారి, దక్కిందని.

ఎవడైనా నా పనిని తక్కువ చేస్తే ముఖాన చదవమన్నావు. ఇదిగో చదువుతున్నా. బెసలేలు, యూదా గోత్రం. అహోలీయాబు. నీలం, ఊదా, ఎరుపు. నా మఖ్మల్ కూడా ఊదా రంగే. ఆత్మ మొదట చేతుల మీదికి దిగిందని రాసిన కాగితం నా దగ్గర ఉంది, కింద నీ పేరు ఉంది. గుడారానికైతే దిగింది, ఒక ఆడబిడ్డను గదిలోంచి బయటికి లాగిన బండికైతే దిగదా? అది నువ్వు చెప్పాలి. నేను ఖురాను చదువుకునేదాన్ని, మీ సంగతులు నాకు పూర్తిగా తెలియవు.

సంఘం ముందు నీ మాట నిలబడాలంటావు. నిలబడనీ. నేను ఊరికి పోతా. మా నాయనతోనే ఆఖరనుకున్న పని నాతో ఆఖరవుతుంది. అంతే కదా.

ఇబ్రాలో ముగ్గురిని అడిగినాను. ఒకడు "ఇది తీసి పారేసి కొత్తది కొను" అన్నాడు. ఒకడు కోయబోయినాడు, కోత మిషను బిళ్ళ విరిగింది. మూడోవాడు చట్రం తిప్పి తిప్పి చూసి, "దీన్ని అతికినవాణ్ణే పిలువు. వీడు దేనికో కోపంగా ఉండి అతికినాడు" అన్నాడు.

గురువారం.

జైనబీ


వాడి కబీర్
జనవరి చివర

నా చెల్లెలు జైనబీకి అంకయ్య.

గురువారం నేను వచ్చింది, కోసింది, మన ఇద్దరం మూడు మాటలకు మించి మాట్లాడుకోనిది నీకు తెలుసు. శుక్రవారం సంగతి ఉమైమా చెప్పే ఉంటుంది. పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదని నువ్వు ఇంట్లో ఉండిపోయావు గనక, చూసినవాణ్ణి నేను. సాక్ష్యం నోటి మాటగా కాదు, రాసి ఇవ్వాలి.

చట్రం మీద నమ్మకం చాలక మైదానానికి పోయాను. అది ప్రసంగానికి చోటు కాదు, ఈ దేశం నాకు వాక్యం చెప్పుకోవడానికి ఇచ్చిన హాలు వేరే ఉంది. అందుకని జీవితంలో మొదటిసారి అంత జనం మధ్య నోరు మూసుకుని నిలబడ్డాను. నోరు మూసుకుంటే కళ్లు బాగా కనపడతాయమ్మా, ఇన్నాళ్లూ తెలియలేదు.

జుమ్మా అయ్యాక జనం వచ్చారు. లారీ మీంచి కాప్రిస్ దిగింది. వేరే బండ్లు ఎగిరాయి, పిల్లలు కేకలు వేశారు. ఉమైమా ఎగిరించలేదు. ముందుకు తెచ్చి ఆపింది. ముందు చక్రాలు కిందికి, తరువాత వెనకవి. ఎంత మెల్లగా! నేను చూసింది చెబుతున్నాను, బండి మోకరించింది. అబ్రాహాము దాసుడు బావి దగ్గర ఒంటెలను మోకరింపజేశాడు చూడు, అట్లా. తల ఎత్తుకుని తిరిగేవాణ్ణి, ఒక ఇనుప వస్తువు నాకంటే ముందు వంగింది.

అప్పుడొక ముసలాయన వచ్చాడు. చేతిలో కర్ర, నడుముకు పాత వెండి బాకు. ఒంటెలవాడని పక్కవాళ్లన్నారు. ఎవరినీ అడగకుండా తలుపు తీసి కూర్చున్నాడు. అరచేత్తో మఖ్మల్ నొక్కి వదిలాడు. పొంగింది. మళ్లీ నొక్కాడు. కళ్లు మూసుకున్నాడు. వెనక వరుస కట్టినవాళ్లు "యా షేబా, ఓ ముసలాయనా, దిగు" అంటున్నారు, ఆయన దిగడు!

చివరికి కళ్లు తెరిచి, "ఇది స్పంజి కాదు, దూది. ఎవరు చేశారు?" అన్నాడు. అందరూ తౌసీఫ్ వైపు చూశారు. తౌసీఫ్ రంగు ఒక్కటే తనదని రెండు చేతులూ ఎత్తి, "మై నహీఁ బాబా, మై తో రంగ్‌వాలా" అన్నాడు. సాలిమ్ ముందుకొచ్చి, "మా ఇంట్లో పనిచేసే మనిషి" అన్నాడు.

ముసలాయన కర్ర నేలకేసి కొట్టాడు. "నీ ఇంట్లో ఏం చేస్తుందో నేనడిగానా? నా పికప్‌కు ఇదే కావాలి. ఆమెను ఎక్కడ చూడాలి?"

సాలిమ్ నా వైపు చూశాడు, నేను సాలిమ్ వైపు చూశాను. నాకు అరబ్బీ సగమే వచ్చు, కానీ సాలిమ్ ముఖం పూర్తిగా చదివాను. నాలుక మీదికి పన్నెండు వచనాలు వచ్చాయి. ఒక్కటీ అనలేదు.

ఇక నా సంగతి. నిన్న ప్రార్థనలో అందరూ నన్నే చూస్తున్నారు. ఆంజి నోరు నీకు తెలుసు, వాణ్ణి అనుకుని ఏం లాభం? పాట మొదలు కాకముందే ఒక పెద్దమనిషి లేచి, "అంకయ్యన్నా, ఫరో రథానికి నువ్వే వెల్డింగ్ చేశావంట గదా! మరి ఇయ్యాల పాట ఎవరెత్తుకోవాల?" అన్నాడు. నవ్వులు.

"చేశాను" అన్నాను. "నాలుగు వేళ్లు కోశాను, మళ్లీ అతికాను. మీరంతా నన్ను ముందు నిలబెట్టారు గనక ఇన్నాళ్లూ ఎత్తులో నుంచి మాట్లాడాను. ఎత్తులో నుంచి చూస్తే వంగేది కూడా ఎగిరేదిలాగే కనపడింది. ఐతియొపీయుడి రథం ఫిలిప్పు ఎక్కాడా లేదా? దాని పక్కకు పరుగెత్తేదాకా లోపలివాడు ఏం చదువుతున్నాడో ఫిలిప్పుకు తెలియలేదు! పాట మీరెత్తుకోండి, నేను వెనక నిలబడతాను" అన్నాను. వెనక్కి పోయి నిలబడ్డాను. పాట ఎత్తుకున్నది వజీరు ఇంట్లో వంట చేసే గోదావరి రాములవ్వ. నాకంటే బాగా పాడింది. వచ్చే శుక్రవారం మాత్రం నేనే చెబుతాను, బెసలేలు మీద, వెనక నుంచే.

సాలిమ్ ఏమన్నాడు? వెంటనే రాయి. వాయిస్ పెట్టినా వింటాను.

నీ అన్న,
అంకయ్య


ఇబ్రా, వీధి గది
ఫిబ్రవరి

అన్నా,

సాలిమ్ సంతకం పెట్టినాడు. కొత్త కాగితం మీద పని దగ్గర కుట్టుపని అని ఉంది. ఉమైమా నాకు మూడుసార్లు చదివి వినిపించింది. పెద్దమ్మ ఇంటికి కొత్త మనిషి వచ్చేదాకా పొద్దున వంట నేనే చేస్తానన్నాను. సాలిమ్ "నీకు దుకాణం లేదా?" అని కసిరినాడు.

ముసలాయన మొన్న పికప్‌తో వచ్చినాడు. సీటు విప్పి ఇచ్చి పోతాడనుకున్నా. పోలేదు. నీడలో చాప వేయించుకుని కూచున్నాడు. నేను దూది పరిచి బెత్తాలు రెండు చేతులా పట్టి కొట్టడం మొదలుపెట్టినాను. ఆ చప్పుడు నీకు గుర్తుందా, మన వీధిలో? దానికి ఆయన తల ఊపుతున్నాడు. పక్కిళ్లవాళ్లు వచ్చి నిలబడినారు.

కొంతసేపటికి అన్నాడు: "నా చిన్నప్పుడు ఈ ఊరికి ఒకడు వచ్చేవాడు. భుజాన విల్లు, తీగె మోగించుకుంటా ఇల్లిల్లూ తిరిగేవాడు. నద్దాఫ్ అనేవాళ్లం. మా అమ్మ పెండ్లి పరుపు వాడే చేసినాడు. వాడు వస్తే పండగ." దూదేకేవాణ్ణి వీళ్లు నద్దాఫ్ అంటారంట, గౌరవంగా. మన దిక్కున కోపమొస్తే పింజారి అని ఒకరినొకరు తిట్టుకుంటారు, అది మా పనివాళ్ల పేరే. నేను బెత్తం ఆపలేదు. ఆపితే కళ్లు తుడుచుకోవాల్సి వచ్చేది.

ఆయన మళ్లీ అడిగినాడు, కసురుకున్నట్టు: "తరువాత ఒక్కడూ రాలేదు. మీరంతా యాడికి పోయినారు ఇన్నేళ్లు?"

దూది దులిపి, దబ్బనంలోకి దారం ఎక్కించి, నాకొచ్చిన అరబ్బీలో చెప్పినాను. "వచ్చినాను కదా. కూచో."

జైనబీ